ఏసీ బిగించే ఆ రెండు గంటలు

ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతిలో ఏసీ మెకానిక్‌లు ఫోన్ ఎత్తరు. కొర్లగుంట నుంచి తిరుచానూరుకు, అక్కడి నుంచి రేణిగుంటకు, బండి వెనక రాగి పైపు చుట్ట కట్టుకుని పరుగులే పరుగులు. కత్తిరి ఎండలు మొదలయ్యేలోపు అందరికీ ఏసీ కావాలి మరి. మనకు దగ్గర్లోని శ్రీసిటీలోనే డైకిన్, బ్లూస్టార్ లాంటి కంపెనీలు ఏసీలు తయారు చేస్తున్నాయి. ఫ్యాక్టరీలో లీకులు పరీక్షించి, గ్యాస్‌ను గ్రాముల లెక్కన తూచి నింపి పంపుతారు. కానీ స్ప్లిట్ ఏసీ తయారీ అక్కడితో పూర్తి కాదు. లోపల పెట్టేది, బయట పెట్టేది రెండు డబ్బాలుగా వస్తాయి. వాటిని పైపులతో కలిపి ఒక్క యంత్రంగా చేసేది మన గోడ మీద, ఆ మెకానిక్ చేతుల్లో. ఏసీ పదేళ్లు నడుస్తుందా, రెండో వేసవికే మొరాయిస్తుందా అన్నది చాలావరకు ఆ రెండు గంటల్లోనే తేలిపోతుంది. మనం మాత్రం షాపులో స్టార్ల గురించి, ఈఎంఐ గురించి గంటసేపు అడిగి, బిగించే రోజు మెకానిక్‌కు కాఫీ ఇచ్చి టీవీ ముందు కూర్చుంటాం.

ముందు సైజు సంగతి చూద్దాం. 24 గంటల్లో సుమారు 907 కిలోల మంచు కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి తీసే శక్తి ఒక టన్ను. మన లెక్కల్లో 3.5 కిలోవాట్లు. అంటే టన్నున్నర ఏసీ అయిదు కిలోవాట్లకు కాస్త పైన వేడిని బయటికి తోస్తుంది. దానికి అది వాడుకునే కరెంటు మాత్రం ఒకటిన్నర, రెండు కిలోవాట్ల లోపే. గది కొలతలు మాత్రమే చూసి టన్నులు తేల్చే అలవాటు నాకు నచ్చదు. కింద అంతస్తులోని పదడుగుల గదీ, రోజంతా ఎండకు కాలిన స్లాబు కింది పదడుగుల గదీ ఒకటి కాదు. మేడ మీద గదికి ముందు స్లాబుపై తెల్లటి కూల్ పెయింట్ వేయించి, పడమటి కిటికీకి తెర కట్టి, ఆ తర్వాత ఏసీ సైజు ఆలోచించడం మేలు.

ఇక అసలు విషయం. లోపలి యూనిట్‌నూ బయటి యూనిట్‌నూ కలిపే రాగి పైపుల్లో బిగించే సమయానికి ఉండేది మామూలు గాలి. ఆ గాలిలో తేమ ఉంటుంది. గ్యాస్ వదిలేముందు ఈ రెండింటినీ పూర్తిగా బయటికి లాగేయాలి. దానికే వ్యాక్యూమ్ పంప్. చాలామంది దాన్ని తీసుకురారు, తెచ్చినా బండిలోంచి దించరు. నట్టు కొద్దిగా వదులు చేసి, బయటి యూనిట్‌లోని గ్యాస్‌ను ఒక్క క్షణం వదిలి, "గాలంతా బయటికి పోతాది సార్, ఏం గాదు" అంటారు. అందులో సగం నిజమే. గాలి చాలావరకు పోతుంది. తేమ పోదు. పైపు లోపలి గోడకు అంటుకున్న నీటి పొర గ్యాస్ తోపుకు కదలదు.

ఆ నీటిని తీయాలంటే ఆవిరి చేయాలి. పైపును వేడి చేయలేం కాబట్టి పీడనం తగ్గిస్తాం. కుక్కర్‌లో పీడనం పెరిగితే నీళ్లు 100 డిగ్రీలు దాటాక గాని మరగవు కదా, ఇక్కడ దానికి తిరగేసిన పని. మామూలు వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అది 32 మిల్లీమీటర్లకు దిగితే నీళ్లు 30 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంచి మెకానిక్‌లు అర మిల్లీమీటరు దాకా, అంటే 500 మైక్రాన్ల దాకా లాగుతారు. అక్కడ నీటికి ద్రవంగా నిలవడం కుదరదు. మామూలు ముల్లు గేజీ ఇంత చిన్న తేడాను చూపలేదు. మైక్రాన్ గేజీ ఉంటే సరే, లేకపోతే పంపును కనీసం పదిహేను ఇరవై నిమిషాలైనా నడిపి, ఆపి, ముల్లు వెనక్కి వస్తుందేమో కొంతసేపు చూడాలి. వెనక్కి వస్తే ఎక్కడో లీకు ఉన్నట్టు, లేదా ఇంకా తేమ మిగిలినట్టు.

ఇంత పట్టింపు ఎందుకంటే, గాలి బయటి యూనిట్‌లో చల్లబడి ద్రవంగా మారదు. అక్కడే తిష్ట వేసి పీడనం పెంచుతుంది. కంప్రెసర్ ఎక్కువ కష్టపడుతుంది, బిల్లు పెరుగుతుంది, గది మాత్రం అంతంతే. తేమ ఇంకా మొండిది. గ్యాస్ సన్నటి దారిలోంచి వ్యాకోచించే చోట గడ్డకట్టి అడ్డం పడొచ్చు. ఇప్పటి ఏసీల కంప్రెసర్లలో వాడే సింథటిక్ నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ఆ నూనె, తేమ, వేడి మూడూ కలిస్తే మెల్లగా ఆమ్లం తయారై మోటారు చుట్ల మీది పూతను తినేస్తుంది. కంప్రెసర్ కాలిపోయేసరికి బిగించినవాళ్ల నంబరు కూడా మన ఫోన్‌లో ఉండదు.

పీడనాల విషయంలోనూ కాలం మారింది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ 50 డిగ్రీల దగ్గర ద్రవంగా మారాలంటే దాదాపు 19 బార్ పీడనం చాలు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32కు 31 బార్ పైనే కావాలి. కాబట్టి నట్టు బిగించడానికి పైపు చివరను గరాటులా విప్పి చేసే ఫ్లేర్ వంకరగా ఉన్నా, పాత పైపునే మళ్లీ సర్ది బిగించినా అప్పటిలా సర్దుకుపోదు. లీకు పరీక్షకు నత్రజని సిలిండర్ వాడాలి, జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూడాలి. ఆక్సిజన్ సిలిండర్ దగ్గర్లో ఉంది కదా అని దాన్ని తగిలించడం చావును పిలవడమే. ఆక్సిజన్ పీడనంతో నూనెను తాకితే నిప్పు లేకుండానే పేలుతుంది.

ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన దారిలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఏటా వేసవికి ముందు "గ్యాస్ కొట్టించడం" సర్వీసులో భాగమని అనుకుంటే మోసపోతాం. తగ్గిందంటే లీకు ఉంది. దాన్ని పట్టుకుని మూయకుండా నింపడం వృథా, పైగా తప్పు కూడా. ఒక కిలో ఆర్-32 గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కన 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ కలిసినంత వేడి పెంచుతుంది.

ఆర్-32కు నిప్పు అంటుకునే గుణం కొద్దిగా ఉంది. భయపడేంత కాదు, లెక్క చూద్దాం. ఘనపు మీటరు గాలిలో 300 గ్రాములు దాటితే గాని అంటుకోదు. టన్నున్నర ఏసీలో ఉండేది ఎనిమిది వందల గ్రాములు, అటూ ఇటుగా. అన్నివైపులా పదడుగులుండే గదిలో దాదాపు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గ్యాస్ అంతా కారి గదంతా కలిసినా ఘనపు మీటరుకు 30 గ్రాముల లోపే, అంటే హద్దులో పదో వంతు. అయితే ఈ గ్యాస్ గాలికన్నా బరువు, కారినచోట నేల దగ్గర పేరుకుంటుంది. మంటను తాకితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. అందుకే లీకు అనుమానం ఉన్న గదిలో దీపం, సాంబ్రాణి, సిగరెట్ వద్దు. కిటికీలు తెరవండి. గ్యాస్ ఉన్న పైపు మీద వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి.

కరెంటు పని మెకానిక్‌ది కాదు, ఎలక్ట్రీషియన్‌ది. ఈ తేడా మన ఊళ్లో ఎవరూ పట్టించుకోరు. టన్నున్నర ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, అదీ రాత్రంతా ఆగకుండా. ఫ్యాన్లూ లైట్లూ ఉన్న పాత లైనుకే దాన్ని తగిలిస్తే గోడలో వైరు వేడెక్కుతుంది. మీటరు దగ్గరి బోర్డు నుంచి మధ్యలో అతుకు లేకుండా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి విడిగా సి-రకం 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) వేయించాలి. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. అది మాటిమాటికీ పడిపోతోందని తీసేసి 32 ఆంప్స్‌ది పెట్టించుకుంటే, కాపలావాడిని ఇంటికి పంపినట్టే. లోడు పెరుగుతుంది కాబట్టి కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు కూడా చేసుకోవాలి.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది ఎర్తింగ్. బయటి యూనిట్ బాడీ అంతా ఇనుము, లోపలి యూనిట్‌లో నీళ్లు కారతాయి. మన వైపు నేల రాతి నేల. వేసవిలో ఎండిపోయి కరెంటును లోపలికి తీసుకోదు. సరిగ్గా ఏసీ వాడే నెలల్లోనే ఎర్త్ గుంత పనిచేయడం మానేస్తుంది. అందుకే అందులో అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి. కొన్ని ఇళ్లలో ఎర్త్ లేక, సాకెట్ లోపల న్యూట్రల్‌కే ఎర్త్ పిన్నును కలిపేస్తారు. టెస్టర్ పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగితే ఏసీ బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి. ఇది చేసినవాళ్లను ఆ పని మళ్లీ ముట్టుకోనివ్వకూడదు. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి ఇంటికి ఉంటే, లీకైన కరెంటు ప్రాణం మీదికి రాకముందే లైను తెంచేస్తుంది.

బయటి యూనిట్ పాతిక ముప్ఫై కిలోలు ఉంటుంది, పైగా అదురుతుంది. నాలుగంగుళాల పిట్టగోడకు దాన్ని వేలాడదీయకండి. తొమ్మిదంగుళాల గోడ, మంచి యాంకర్ బోల్టులు కావాలి. లేదా మేడ మీద స్టాండు పెట్టండి. మూడో అంతస్తు సజ్జ మీద నిలబడి పనిచేసే కుర్రాడికి నడుముకు బెల్టు లేకపోతే పని ఆపమని చెప్పే హక్కు మనకుంది. ముందూ వెనకా గాలి ఆడాలి. సందు ఇరుకని పక్కింటి గోడకు ఆనించి పెడితే వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. పైపు కోసం గోడకు వేసిన రంధ్రాన్ని సిమెంటుతోనో పుట్టీతోనో మూయించండి. అందులోంచి వచ్చే బల్లులు సర్క్యూట్ బోర్డు మీద పడి అవీ చస్తాయి, బోర్డునూ చంపుతాయి.

ఆ రంధ్రం బయటివైపుకు కాస్త వాలుగా ఉండాలి, నీటి పైపు కూడా. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల తేమ తిరుపతిని కమ్మినప్పుడు గంటకు లీటరు నీరు కారడం మామూలే. లీటరు ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడిని కూడా ఏసీయే మోయాలి. టన్నున్నర ఏసీ శక్తిలో అది దాదాపు ఎనిమిదో వంతు. వానాకాలం ఏసీ సరిగా చల్లబడటం లేదని అనిపించడానికి ఇదొక కారణం. పైపు ఎక్కడైనా పైకి లేచినా, దాని చివర బకెట్ నీళ్లలో మునిగినా ఆ నీరు వెనక్కి తన్ని గోడ మీద కారుతుంది.

శుభ్రం చేయడం తేలికే. జాలీని రెండు వారాలకోసారి తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. కవరు విప్పే పనైతే రిమోట్‌తో ఆపితే సరిపోదు, ఎంసీబీ దించాలి. బయటి యూనిట్ మూత మాత్రం మనం తెరవద్దు. ఇన్వర్టర్ ఏసీ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు ఆపాక కూడా కొన్ని నిమిషాల పాటు 300 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. బోరు నీళ్లతో బయటి యూనిట్‌ను రోజూ తడిపేవాళ్లు ఉన్నారు. ఆ ఉప్పునీరు ఆరాక ఫిన్‌ల (వేడిని వదిలే సన్నటి రేకుల) మీద తెల్లటి పెచ్చు కట్టి, వేడిని బయటికి పోనివ్వదు. ఏడాదికోసారి మంచినీళ్లతో, మెల్లటి ధారతో కడిగించడం చాలు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. తలుపులు బిగించి నలుగురు పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ బయటికన్నా ఎన్నో రెట్లు పేరుకుని తల దిమ్ముగా ఉంటుంది. అలాంటి గదిలో దోమల చుట్ట వెలిగించడం మరీ చెడ్డ అలవాటు. పడుకునే ముందు కాసేపు కిటికీ తీయండి. ఇక రిమోట్‌లో 18 పెడితే గది త్వరగా చల్లబడదు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన ఉంది. ఫ్యాన్ తోడుంటే ఆ 24 చాలామందికి సరిపోతుంది.

చివరిగా ఇల్లు మారే సంగతి. ఏసీ విప్పేటప్పుడు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి చేర్చి బంధిస్తారు, దాన్ని పంప్‌డౌన్ అంటారు. ముందు సన్న పైపు వాల్వు మూసి కంప్రెసర్ నడుపుతారు, గ్యాస్ అంతా చేరాక లావు పైపు వాల్వు మూసి వెంటనే కరెంటు ఆపుతారు. ఆ తర్వాతే నట్లు విప్పాలి. తొందరలో కంప్రెసర్ తిరుగుతుండగానే నట్టు వదులు చేస్తే అది గాలిని లోపలికి పీల్చుకుంటుంది. బయటికి పోయే దారి మూసి ఉంటుంది కాబట్టి ఆ గాలి నూనె తుంపరలతో కలిసి విపరీతంగా నొక్కుకుపోయి వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ లేకుండా డీజిల్ అంటుకునేది ఇలాగే. ఇక్కడ పేలేది కంప్రెసర్, దాని ముందు కూర్చుని ఉండేది మెకానిక్. లీకు ఉందని తెలిసిన ఏసీకి అసలు పంప్‌డౌన్ చేయించకూడదు, మిగిలిన గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి తీయించాలి. ఆ కాసేపు పిల్లలను బాల్కనీలోకి రానివ్వకండి. కొత్త ఇంట్లో ఫ్లేర్‌లు కొత్తగా చేయించి, వ్యాక్యూమ్ పంప్‌ను బండిలోంచి మళ్లీ దింపించండి.