పొలం పీల్చిందంతా క్రెడిట్ కాదు: ఫ్లక్స్ టవర్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

వరి పొలంలో ఎడ్డీ కోవేరియన్స్ టవర్ (ఫ్లక్స్ టవర్ అన్నా ఇదే, పొలానికీ గాలికీ మధ్య గ్యాస్‌లు, ఆవిరి ఎంత వచ్చిపోతున్నాయో కొలిచేది) నడపడం నా పని. డెల్టాలో దాళ్వా ఊడ్పులు మొదలయ్యాయంటే చాలు, గట్టు మీద నిలబడి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, మా పొలం ఎంత కార్బన్ పీల్చిందో ఈ మిషన్‌లో తెలుస్తుందంట కదా, కాగితం రాసిస్తారా?" ఒకప్పుడు ఇది సెల్ టవరా అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఎవరో ఊళ్లోకొచ్చి, కార్బన్ క్రెడిట్లని (వాతావరణాన్ని వేడెక్కించే గ్యాస్‌ని తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోగల పత్రాలు) చెప్పి, ఎకరానికి ఇంతని రిజిస్ట్రేషన్ ఫీజు పట్టుకుపోయాక మా దగ్గరికి వస్తున్నారు. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: పొలం పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్ అంతటికీ డబ్బులొస్తాయి.

పీల్చుకోవడం నిజమే. బాగా ఎదిగిన వరి మంచి ఎండలో సెకనుకి చదరపు మీటరుకి 20 మైక్రోమోల్స్ దాకా లాగుతుంది. అంటే గంటకి ఎకరానికి 12, 13 కిలోలు. పొద్దు కుంకగానే అదే మడి తిరిగి వదలడం మొదలుపెడుతుంది, గంటకి మూడు కిలోల దాకా. అలా పోగా మిగిలింది గింజలోనూ గడ్డిలోనూ చేరుతుంది. ఎకరానికి 75 కిలోల బస్తాలు ముప్పై పండాయనుకోండి, ఆ ధాన్యంలోని కార్బన్ సుమారు 2.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. గడ్డి కూడా కలిపితే ఐదు టన్నులు దాటుతుంది. ఏజెంట్లు చెప్పే "ఎకరానికి ఐదు క్రెడిట్లు" ఇలాంటి లెక్కలోంచే పుడుతుంది. ఎందుకంటే ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను.

కానీ ఆ బియ్యం మనం తింటాం. గడ్డి గేదెలు తింటాయి, లేదంటే మిషన్ కోత అయ్యాక పొలంలోనే తగలబెడతాం. ఎటు తిరిగినా కొద్ది నెలల్లో దాదాపు అంతా మళ్లీ గాలిలోకే. పొద్దున జమైన డబ్బు సాయంత్రానికి డ్రా అయిపోతే దాన్ని నిల్వ అంటామా?

దీని మీద మీథేన్ ఒకటి. నీళ్లు నిలిచిన బురదలో ఆక్సిజన్ అందక సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి, అది ఎక్కువగా వరి మొక్క లోపలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. ఎప్పుడూ నీళ్లు నిలిపి ఉంచే మడికి, దక్షిణాసియాలో, ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల కమిటీ) 2019లో ఇచ్చిన సగటు హెక్టారుకి రోజుకి 0.85 కిలోలు. పంటకాలం మొత్తానికి ఎకరానికి దాదాపు 40 కిలోలు. వందేళ్ల లెక్కన మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కి 28 రెట్లు కాబట్టి, ఇది 1.1 టన్నులు.

వరిలో క్రెడిట్ నిజంగా వచ్చే ముఖ్యమైన దారి ఈ మీథేన్‌ని తగ్గించడం. ఏడబ్ల్యూడీ అంటున్నారే, మడిని ఆరనిచ్చి మళ్లీ తడి పెట్టడం, అది. పంటకాలంలో పలుమార్లు ఆరబెడితే మీథేన్ 45 శాతం తగ్గుతుందని ఐపీసీసీ లెక్క. అంటే ఎకరానికి పంటకి అర టన్ను. ఆరబెట్టినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కాస్త పెరుగుతుంది, అదీ తీసెయ్యాలి. ఐదెక్కడ, అరెక్కడ! ఆ అరకి కూడా మీరు ముందు ఎప్పుడూ నీళ్లు నిలిపేవారని, ఇప్పుడు నిజంగా ఆరబెడుతున్నారని రుజువుండాలి. 2024లో వెర్రా అనే రిజిస్ట్రీ చైనాలో 37 వరి ప్రాజెక్టుల్ని ఒకేసారి తిరస్కరించింది. తనిఖీ అంటే అలా ఉంటుంది.

కిందటి దాళ్వాలో ఒక కౌలు రైతు వచ్చాడు. చొక్కా జేబులోంచి పాలిథిన్ కవర్ తీశాడు, అందులో నాలుగు మడతలు పెట్టిన ఒప్పందం. మొత్తం ఇంగ్లీషు. "డబ్బులు పోతే పోయాయి బాబూ, నా సంతకంతో ఆసామి భూమికేమైనా అవుతుందా?" అదీ ఆయన టెన్షన్. రాత్రి నిద్ర పట్టలేదట. కూర్చోబెట్టి లైను లైనూ చదివి చెప్పాను. భూమి ఊసే లేదు, కౌలుదారు సంతకంతో ఇంకొకరి భూమి ఎక్కడికీ పోదు. కానీ క్రెడిట్ల మీద హక్కు ఇరవై ఏళ్లు కంపెనీదని ఉంది, రైతు వాటా ఎంతో రాయాల్సిన చోట ఖాళీ ఉంది. "బాబాయ్, ఈ ఖాళీ నింపమని అడుగు, నింపకపోతే ఫీజు వెనక్కి అడుగు" అన్నాను. ఇలాంటివాళ్లని "తెలీకుండా సంతకం ఎందుకు పెట్టావ్" అని కసురుకునే చదువుకున్నవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ప్రాజెక్టు ఏ రిజిస్ట్రీలో ఉంది, నంబరెంత, నా వాటా ఎంత, ఎప్పుడిస్తారు. ఈ నాలుగింటికీ తెలుగులో జవాబు రాసివ్వనివాడికి ముందుగా ఒక్క రూపాయీ ఇవ్వకండి.

టవర్ నుంచి కాగితం ఎందుకివ్వలేనంటే, అది మీ ఎకరాన్ని విడిగా చూడదు. సోనిక్ ఎనిమోమీటర్ గాలి పైకీ కిందికీ ఎంత వేగంగా కదులుతుందో సెకనుకి పదిసార్లు చూస్తుంది, పక్కనున్న ఎనలైజర్ అదే గాలిలో గ్యాస్ ఎంతుందో చూస్తుంది. అరగంటకి 18 వేల జతలు. వాటి కోవేరియన్సే, అంటే ఆ రెండూ కలిసి ఎలా మారుతున్నాయన్న లెక్కే, ఫ్లక్స్: పొలానికీ గాలికీ మధ్య గ్యాస్ ఎంత వేగంగా వచ్చిపోతోందో చెప్పేది. మూడు మీటర్ల ఎత్తున పెట్టిన సెన్సర్‌కి గాలి వచ్చే వైపు సుమారు 300 మీటర్ల దాకా ఉన్న నేల కనిపిస్తుంది. గాలి అన్ని వైపుల నుంచీ వీస్తుంది కాబట్టి చుట్టూ డెబ్బై ఎకరాలు. పడమటి గాలైతే మీ పొలం, తూర్పు గాలైతే మీ బావమరిది పొలం.

అపోహ: నీళ్లెంత వాడారో టవర్ చెప్పేస్తుంది, నీటి తీరువా పెంచుతారు.

టవర్‌కి ఆవిరి మాత్రమే తెలుసు. ఎండ రోజున వరి 5 మిల్లీమీటర్లు ఆవిరి చేస్తే ఎకరానికి 20 వేల లీటర్లు. మడిలోంచి ఇంకిందీ, మురుగు కాల్వలోకి పోయిందీ దానికి కనపడవు. కాల్వ నుంచి మీరు ఎంత పెట్టారో అసలే తెలీదు.

అపోహ: రాత్రి గాలి కదలదు కాబట్టి రీడింగ్ బాగా వస్తుంది.

ఇది విద్యార్థులది. సరిగ్గా తలకిందులు. గాలి ఆడకపోతే నేల వదిలిన గ్యాస్ పంట మధ్యే పేరుకుంటుంది, పైనున్న సెన్సర్‌ని చేరదు, శ్వాసక్రియ తక్కువని భ్రమ పడతాం. అందుకే ఫ్రిక్షన్ వెలాసిటీ (గాలి ఎంత బలంగా కలుస్తోందో చెప్పే కొలత) తక్కువున్న అరగంటలన్నీ తీసేసి గ్యాప్ ఫిల్లింగ్ చేస్తాం, అంటే ఆ ఖాళీల్ని మంచి రీడింగుల ఆధారంగా అంచనాతో నింపుతాం. అది దొంగలెక్క కాదు, తీసెయ్యకపోవడమే దొంగలెక్క.

ఇక మిగతావి. టవర్ నుంచి హాని చేసే రేడియేషన్ రాదు. వానని ఆపదు. నిజానికి వానే దాన్ని ఆపుతుంది, ఎనలైజర్ లెన్స్ మీద ఒక్క చుక్క నిలిస్తే ఆ అరగంట పోయినట్టే. పొద్దున్నే సోనిక్ కొమ్ముల మధ్య సాలీడు గూడు కట్టి, దాని మీద మంచు బొట్లు వేలాడుతుంటే మెత్తటి బట్టతో తుడిచే మనిషిని చూసి "దిష్టి తీస్తున్నారా" అని అడగొద్దు, అది నేనే. గేదెల్ని మాత్రం దయచేసి టవర్ తీగలకి కట్టకండి, అవి మెడ విదిలిస్తే సోనిక్ కూడా ఊగుతుంది.