స్విచ్ పోర్టు ముట్టుకునే ముందు

బెంగళూరు

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

మారతహళ్లిలో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరారని, కంప్యూటర్లను తీగలతో ఒక నెట్‌వర్క్‌గా కలిపే స్విచ్ మీద పని మొదలుపెట్టారని తెలిసి సంతోషం. కమాండ్లు మీకు క్లాసులోనే చెబుతారు. ఏ సెట్టింగు ఎందుకో నేను రాస్తాను. ఇక్కడి కమాండ్ల మాటలు సిస్కో కంపెనీ స్విచ్‌వి. వేరే కంపెనీ స్విచ్‌లో మాట మారినా సంగతి అదే.

ముందు 'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్' కొట్టి చూడండి. డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి జరిగితే ఫుల్, ఒకసారికి ఒకటే అయితే హాఫ్), స్పీడ్ (సెకనుకు మెగాబిట్లలో) గడుల్లో 'ఎ-ఫుల్', 'ఎ-1000' అని ఉంటే రెండు చివరలూ ఆటోలో మాట్లాడుకుని తేల్చుకున్నాయన్నమాట. ముందు 'ఎ' లేకుండా 'ఫుల్', '100' అని ఉంటే ఎవరో చేత్తో బిగించారు. అక్కడ ఆగండి.

ఎందుకంటే ఒకవైపు 100 ఫుల్ అని బిగించి, రెండోవైపు ఆటోలో వదిలేస్తే, ఆటో వైపుకి జవాబు రాదు. తీగ మీది సిగ్నల్‌ని బట్టి వేగం 100 అని పోల్చుకుంటుంది గానీ, డూప్లెక్స్ తెలియక నియమం ప్రకారం హాఫ్‌కి దిగిపోతుంది. లైటు వెలుగుతుంది, పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) వెళ్తుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. పెద్ద ఫైలు కాపీ చేసినప్పుడే ప్రాణం తీస్తుంది. హాఫ్ వైపు తాను పంపుతుండగా అవతలి నుంచి ఫ్రేము (డేటా మూట) వస్తే ఢీకొందనుకుని మధ్యలో ఆపేస్తుంది. దాని లెక్కలో లేట్ కొలిజన్లు (ఆలస్యంగా బయటపడ్డ ఢీలు) పెరుగుతాయి. ఆ తెగిన ఫ్రేము ఫుల్ వైపు సీఆర్‌సీ లోపంగా (డేటా చెడి వచ్చిందన్న గుర్తుగా) కనబడుతుంది. అందుకే రెండువైపులా ఆటో, లేదా రెండువైపులా ఒకే విలువ. నా మాట వింటే ఆటోనే ఉంచండి. రాగి తీగ మీద గిగాబిట్‌కి, అంటే 1000 వేగానికి, 1999 నాటి 802.3ఏబీ అనే ఈథర్నెట్ ప్రమాణంలో ఆటో తప్పనిసరి కూడాను. రెండు చివరల్లో ఎవరి గడియారాన్ని అనుసరించాలో దానితోనే తేలుతుంది.

రెండువైపులా ఆటో ఉండి కూడా గిగాబిట్ రాక 100 దగ్గరే ఆగితే కేబుల్ చూడండి. వందకి 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. 4, 5, 7, 8లో ఒక్కటి క్రింపింగ్‌లో (కేబుల్ చివర ప్లగ్గు బిగించడంలో) సరిగ్గా కూర్చోకపోయినా ఇదే ఫలితం. ఎస్‌పీ రోడ్డులో ఒక కేబుల్ టెస్టర్ కొని దగ్గర పెట్టుకోండి. కేబుల్ కొనేటప్పుడు అసలైన రాగిదా, రాగి పూత వేసిన అల్యూమినియమా అని అడగండి. ప్యాచ్ కార్డులతో (రెండు చివర్ల తగిలించే పొట్టి కేబుళ్లతో) కలిపి పొడవు 100 మీటర్లు దాటకూడదు. లోపాల లెక్క పాతదా కొత్తదా తెలియాలంటే 'క్లియర్ కౌంటర్స్' కొట్టి, కాసేపు ట్రాఫిక్ నడిపి మళ్లీ చూడండి.

మామూలు కంప్యూటరు పోర్టుకి చేయవలసింది కొద్దే: 'డిస్క్రిప్షన్'లో అవతల ఏముందో రాయడం, 'స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్', ఆపైన వీల్యాన్ (ఒకే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్ భాగం) నంబరు. పోర్టును వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ పెట్టకపోతే, స్విచ్‌ల మధ్య డేటా గుండ్రంగా తిరగకుండా కాపాడే స్పానింగ్ ట్రీ 15, 15 కలిపి 30 సెకన్లు ఆపుతుంది. ఈలోగా కంప్యూటరు ఐపీ చిరునామా అడిగి విసిగిపోవచ్చు. పోర్ట్‌ఫాస్ట్‌తో పాటు బీపీడీయూ గార్డు కూడా పెట్టండి; బీపీడీయూ అంటే స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశం. ఎవరైనా అక్కడ ఇంకో స్విచ్ తగిలించి దాని నుంచి బీపీడీయూ వస్తే పోర్టు 'ఎర్-డిజేబుల్డ్'లోకి (లోపమని స్విచ్ తానే మూసేసిన స్థితిలోకి) పోతుంది. ముందు ఆ స్విచ్ తీయించి, తర్వాతే 'షట్‌డౌన్', 'నో షట్‌డౌన్' కొట్టండి. కారణం ఉండగా లేపితే మళ్లీ పడిపోతుంది.

స్విచ్‌ల మధ్య చాలా వీల్యాన్లను మోసే ట్రంకు పోర్టులో మాత్రం జాగ్రత్త. 'అలౌడ్ వీల్యాన్' తర్వాత 'యాడ్' మరిచి 30 అని కొడితే, అనుమతి ఉన్న వీల్యాన్ల జాబితా అంతా పోయి 30 ఒక్కటే మిగులుతుంది. దూరం నుంచి అలాంటి పోర్టు మార్చేటప్పుడు ముందుగా 'రీలోడ్ ఇన్ 10' పెట్టండి. సేవ్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. మీ దారి మీరే తెగ్గొట్టుకున్నా పది నిమిషాల్లో స్విచ్ పాత సెట్టింగులతో లేస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే వెంటనే 'రీలోడ్ క్యాన్సిల్', ఆ తర్వాత 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్'. ఈ చివరిది మరిస్తే, కరెంటు పోయి వచ్చేసరికి మీరు చేసిందేదీ ఉండదు.

ఇట్లు,
మీ పెదనాన్న