దడ కన్నా గడ్డే ప్రమాదం

డెబ్బై దాటిన మనిషికి ఉన్నట్టుండి గుండె దడదడలాడితే ఇంట్లో వినిపించే మొదటి మాట ‘గ్యాస్ అయ్యుంటుంది’. రెండో మాట బీపీ. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చన్న ఆలోచన చాలామందికి రాదు. పెద్ద వయసులో తరచుగా కనిపించే గుండె లయ దోషం ఇది.

గుండె పై గదులు, అంటే కర్ణికలు, మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఒక్కుమ్మడిగా ముడుచుకుంటాయి. ఈ జబ్బులో వాటిలో విద్యుత్ సంకేతాలు నిమిషానికి 350 నుంచి 600 దాకా చెలరేగుతాయి. గదులు ముడుచుకోవడం మాని వణుకుతాయి. ఆ సంకేతాలన్నీ కింది గదులకు దిగితే మనిషి బతకడు. పై గదులకూ కింది గదులకూ మధ్య సంకేతాలను దాటించే ఏవీ నోడ్ చాలావాటిని ఆపేసి కొన్నింటినే, అదీ ఒక వరస లేకుండా, కిందికి వదులుతుంది. బొటనవేలి వైపు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి ఒక నిమిషం నాడి చూడండి. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, తర్వాత ఖాళీ, వెంటనే నీరసంగా ఇంకొకటి. ఇలా ఎంతసేపు చూసినా వరస దొరకకపోతే ఈసీజీ తీయించాలి. దడ వచ్చిపోయే రకమైతే ఆసుపత్రికి వెళ్లే వేళకు అంతా సవ్యంగా కనిపించవచ్చు. అప్పుడు హోల్టర్ అనే, ఒంటికి తగిలించే చిన్న ఈసీజీ యంత్రం పెట్టి రోజంతా చూస్తారు.

భయపెట్టేది దడే అయినా, అసలు ముప్పు వేరు. ఎడమ కర్ణికకు ఒక పక్కన చిన్న సంచిలాంటి మూల ఉంటుంది. గది వణుకుతుంటే అక్కడ రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు లేనివారితో పోలిస్తే ఆ ముప్పు దాదాపు ఐదు రెట్లు. దడ తగ్గి హాయిగా ఉన్నా అది పోదు. అందుకే, డాక్టరు రాసిచ్చిన రక్తం పలచబడే మాత్రను వేళకు వేసుకోవడమే ఈ జబ్బుతో బతకడంలో ముప్పాతిక వంతు అంటాను.

పాత మందు వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషులకు మందయింది. మన దగ్గర బాగా వాడే ఎసిట్రోమ్ కూడా అదే జాతి. విటమిన్ కె పనికి అడ్డుపడటమే వీటి పని. ఆకుకూరల్లో ఆ విటమినే ఉంటుంది కదా అని వాటిని మానక్కర్లేదు. ఈ వారం రోజూ తోటకూర పప్పు తిని, వచ్చేవారం ముట్టకపోతేనే ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూపే పరీక్ష లెక్క, అటూ ఇటూ అవుతుంది. అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు ఈ గొడవ లేదు, మూత్రపిండాల పరీక్ష అప్పుడప్పుడూ చాలు. కానీ పూటలు మరిస్తే రక్షణ త్వరగా పోతుంది. గుండెలో లోహపు కవాటం ఉన్నవారికీ, రుమాటిక్ గుండె జబ్బుతో ఎడమ గదుల మధ్యనుండే మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికీ మాత్రం పాత మందే. ‘ఆస్పిరిన్ వేసుకుంటున్నాంగా’ అనేవాళ్లున్నారు. ఇక్కడ అది దీనికి బదులు కాదు.

మన ఇళ్లలో ఎక్కువగా చిక్కు తెచ్చేది మోకాళ్ల నొప్పి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, రక్తం పలచబడే మాత్రతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మలం నల్లగా తారులా వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పికి పారాసెటమాల్ నయం, అదీ డాక్టరుకు చెప్పి.

పడితే తలలో రక్తం కారుతుందేమోనని కొందరు మాత్రే మానిపిస్తారు. 1999లో కెనడా వైద్యులు లెక్క వేస్తే, వార్ఫరిన్ వల్ల మేలు కన్నా కీడు మించాలంటే మనిషి ఏడాదికి సుమారు 295 సార్లు పడాలని తేలింది. అన్నిసార్లు పడేవాళ్లు ఎక్కడున్నారు? బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ వేయించి, మాత్ర కొనసాగించడమే మేలు. తలకు దెబ్బ తగిలితే మాత్రం పైకి ఏమీ కనిపించకపోయినా చూపించుకోవాలి.

నడక ఆపొద్దు. మద్యం, అధిక బరువు, నిద్రలో ఊపిరి ఆగేంత గురక దడను రెచ్చగొడతాయి. మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు జారినా, మాట ముద్దయినా 108కి ఫోన్ చేయండి. మాత్రల అట్ట వెంట తీసుకెళ్లి, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చో లేదో తేల్చేటప్పుడు డాక్టరు తప్పక అడిగే ప్రశ్న అది.