రెండు మెట్ల నడిమి గాంధారం

చిరంజీవులకు ఆశీస్సులు.

అరబ్బుల రాస్త్ మకామ్‌ను (మకామ్ అంటే మన రాగం లాంటిది) మ్యూజ్‌స్కోర్ అనే సంగీతం రాసే సాఫ్ట్‌వేర్‌లో రాస్తే అచ్చం శంకరాభరణంలాగే మోగుతోందని రాశారు. మీ చెవి తప్పు లేదు. కాగితం మీద కనిపించే గుర్తు వేరు, కంప్యూటర్ పలికే స్థాయి వేరు. ఒకటి పెట్టి రెండోది మరిచారు, అంతే.

ముందు లెక్క. శంకరాభరణంలో గాంధారాన్నీ నిషాదాన్నీ పావు స్వరం దించితే రాస్త్ మెట్లు వస్తాయి: స 0, రి 200, గ 350, మ 500, ప 700, ద 900, ని 1050. ఇవి సెంట్లు. పొలంలో నూరు సెంట్లు ఎకరమైతే, ఇక్కడ నూరు సెంట్లు అర స్వరం, అంటే హార్మోనియం మీద పక్కపక్క మెట్ల దూరం. పావు స్వరమంటే 50. సాధారణ గాంధారం 300, అంతర గాంధారం 400 అనుకుంటే, రాస్త్ గాంధారం సరిగ్గా గట్టు మీద కూర్చుంది. పియానో నడిమి 'సి'ని షడ్జమంగా పెట్టుకుంటే, గాంధారం 'ఇ' అవుతుంది; 329.63 హెర్ట్జ్ ఉండే ఆ 'ఇ' 320.24కు దిగాలి. (తోడి గాంధారాన్ని దీనితో కలపకండి. అది గమకంతో ఊగుతుంది. ఇది నిలిచి పలికే స్వరం.)

మామూలు 'ఇ' రాసి దాన్ని ఎంచుకోండి. యాక్సిడెంటల్స్ (స్వరాన్ని ఎక్కించే, దించే గుర్తులు) పాలెట్‌లో 'మోర్' నొక్కితే పావు స్వరం గుర్తులు కనిపిస్తాయి. అరబ్ రాతలో అడ్డగీత కొట్టిన ఫ్లాట్ (స్వరం దించే గుర్తు) వాడతారు, పాశ్చాత్య ఆధునిక రచనల్లో తిరగేసిన ఫ్లాట్ ఎక్కువ. ఏదో ఒకటే చివరిదాకా వాడండి. మాస్టర్ పాలెట్‌లోని 'సింబల్స్' నుంచి మాత్రం తీసుకోకండి. అక్కడివి ఉత్త బొమ్మలు, స్వరం స్థాయిని మార్చవు.

ఇక మోత. ప్లే చేసి వినండి. స్వరం దిగకపోతే ప్రాపర్టీస్‌లో ప్లేబ్యాక్ కింద 'ట్యూనింగ్' గడిలో -50 వేయండి. మైనస్ మరిస్తే గాంధారం మధ్యమం వైపు ఎగబాకుతుంది. ఇప్పటికే దిగి ఉంటే మళ్లీ వేయకండి, రెండుసార్లు దిగి సాధారణ గాంధారమైపోతుంది. ఎక్కువమంది పడే గుంట ఇంకొకటుంది: చదివేవాడికి గుర్తు ఆ బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) చివరిదాకా వర్తిస్తుంది కానీ, చేత్తో వేసిన అంకె ఆ ఒక్క నోట్‌దే. అదే బార్‌లో రెండో 'ఇ' మామూలుగా మోగుతుంది. కుడి క్లిక్ చేసి, 'సెలెక్ట్'లో 'మోర్' తెరిచి, ఒకే స్థాయి నోట్లన్నీ పట్టుకుని ఒకేసారి అంకె వేయండి. శ్రుతి మార్చి ట్రాన్స్‌పోజ్ చేశాక గుర్తులన్నీ మళ్లీ సరిచూడండి.

మిడి (వాయిద్యాలకు, కంప్యూటర్లకు స్వరాల సూచనలు పంపే పద్ధతి) ఫైలుగా పంపితే ఇంకో చిక్కు. మిడి నోట్ అంకెలకు పావు స్వరం తెలియదు, స్వరాన్ని వంచే 'పిచ్ బెండ్' మామూలు దారి. దాని విలువ 0 నుంచి 16383 దాకా, నడుమ 8192. మామూలుగా రెండు అర స్వరాల దాకా వంగుతుంది కాబట్టి 50 సెంట్లు దించాలంటే 6144. ఆ వంపు ఛానెల్‌లో మోగుతున్న అన్ని స్వరాలకూ తగులుతుంది. స, గ, ప కలిపి మోగిస్తే మూడూ దిగిపోయి గాంధారం తేడాయే వినపడదు. దిగాల్సిన స్వరాన్ని వేరే ఛానెల్‌లో పెట్టాల్సిందే. మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అనే, సంగీత రాతను దాచే ఫైలులో ఈ బాధ లేదు. స్థాయికి -0.5 అనీ, గుర్తుకు దాని పేరనీ విడివిడిగా రాసుకుంటుంది.

అన్నీ కుదిరాక కూడా ఊద్ వాయిద్యం పక్కన పెట్టి వినండి. సప్తకాన్ని 24 సమాన భాగాలు చేయాలా అని 1932లో కైరో సంగీత సభలోనే వాదులాడుకున్నారు, ఎందుకంటే వాయించేవాళ్ల వేళ్లు 350 దగ్గరే ఆగవు. రాస్త్ గాంధారం కంటే బయాతీ అనే మరో మకామ్‌లో అదే 'ఇ' కాస్త కిందికి పలుకుతుంది. గుర్తు మార్చకండి, అంకె మాత్రం -55, -60 వేసి చూడండి (గుర్తే 50 దించుతుంటే -5, -10 చాలు). చెవికి ఏది నచ్చితే అదే ఉంచండి.

మీ తాతయ్య