టేబుల్‌టాప్ గేమ్‌కి కొత్త పుస్తకం ఎన్నాళ్లకొకటి రావాలి? అపోహలు - వాస్తవాలు

పదేళ్లకు పైగా హైదరాబాద్‌లో ఆదివారం సాయంత్రాలు గేమ్ మాస్టర్‌గా ఒక టేబుల్ నడుపుతున్నాను. అంటే టేబుల్ చుట్టూ కూర్చున్న ఒక్కొక్కరూ కథలో ఒక్కో పాత్రగా ఆడితే, ఆ కథని నడిపించేది నేను. చిన్న ప్రచురణకర్తల కోసం సప్లిమెంట్ల రాతప్రతులు చదివి, వాటిలోని రూల్స్‌ని ఆడి పరీక్షించి చెప్పే పని కూడా చేస్తుంటాను. సప్లిమెంట్ అంటే మూల రూల్స్ పుస్తకం తర్వాత అదనంగా వచ్చే పుస్తకం. అందులో ఆడించడానికి ఒక సాహస కథ ఉండొచ్చు, ఒక ప్రపంచపు వివరాలు ఉండొచ్చు, పాత్రలకు కొత్త శక్తులు ఉండొచ్చు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే కింది అపోహల్లో చాలావరకు పుట్టాయని నా అభిప్రాయం.

అపోహ: కొత్త పుస్తకాలు ఆగిపోతే ఆ గేమ్ చచ్చిపోయినట్టే.

కాల్ ఆఫ్ కథుల్హు అనే హారర్ గేమ్ 1981లో వచ్చింది. దానికోసం 1984లో వచ్చిన 'మాస్క్స్ ఆఫ్ న్యార్లతోటెప్' అనే సాహసాన్ని 2018లో ఏడో ఎడిషన్‌కి తగ్గట్టు మళ్లీ తెచ్చారు. ఆ గేమ్‌లో ఎడిషన్ మారినా రూల్స్ పునాది పెద్దగా మారదు. అందుకే పాత కథల్ని కొద్దిపాటి మార్పులతో ఇప్పటికీ ఆడుకోవచ్చు.

ఇలాంటి గేమ్‌లలో అన్నిటికన్నా పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ సంగతి చూడండి. మూల పుస్తకాలు మూడూ 2014లో వచ్చాయి. పాత్రల రూల్స్‌ని పెద్ద ఎత్తున పెంచిన మొదటి పుస్తకం 2017 నవంబర్‌లో గానీ రాలేదు. మధ్యలో 2015లో, 2016లో ఏడాదికి రెండు చొప్పున పెద్ద సాహస కథలు వేశారు. ఆ మూడేళ్లలో ఆడేవాళ్లు తగ్గలేదు సరికదా, పెరిగారు.

అపోహ: ఎన్ని ఎక్కువ ఆప్షన్లు వస్తే ఆటగాళ్లకు అంత మంచిది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే అపోహ ఇదే, ఎందుకంటే పరీక్షించేది మేమే. చిన్న లెక్క చెప్తాను. గేమ్‌లో 40 ప్రత్యేక శక్తులు ఉన్నాయనుకోండి. ఏ రెండు కలిస్తే ఏమవుతుందో చూడాలంటే 780 జతలు. కొత్త పుస్తకంలో ఇంకో 20 చేరితే మొత్తం 60 అవుతాయి, జతలు మాత్రం 1770కి చేరతాయి. పుస్తకం పెరిగింది సగం, పని రెట్టింపు దాటింది. మూడేసి కలిపి చూడడం గురించి ఇక చెప్పక్కర్లేదు.

ఒకసారి ఒక రాతప్రతిని చూడడానికి నాకు మూడు వారాలే ఇచ్చారు. అందులో ఒక శక్తి విడిగా చూస్తే బాగానే ఉంది. పాత సప్లిమెంట్‌లోని మరో శక్తితో కలిస్తే శత్రువుకి వంతే రావడం లేదు. ప్రింటుకి వెళ్లాక ఒక ఆటలో అది బయటపడింది. ఆ రోజు ఒక్క ఆటగాడే గంటసేపు పాచికలు వేశాడు, మిగతా నలుగురూ చూస్తూ కూర్చున్నారు. ఆ నలుగురి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్‌లో ఈ భారం బాగా కనిపించింది. 2008, 2009, 2010లలో వరుసగా మూడు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లు (ఆటగాళ్ల రూల్స్ పుస్తకాలు) వచ్చాయి, వాటి మధ్య ఒక్కో రకం పాత్రకి విడి పుస్తకాలు కూడా. కాగితం మీద పాత్రని తయారు చేసుకోవడం కష్టమై, చాలామంది కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడ్డారు. 2010లోనే కొత్తవాళ్ల కోసం 'ఎసెన్షియల్స్' పేరుతో ఇంకో ప్రవేశద్వారం తెరవాల్సి వచ్చింది.

అపోహ: టీఎస్ఆర్ కంపెనీ కేవలం పుస్తకాలు ఎక్కువ వేసి మునిగిపోయింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని మొదట తెచ్చిన కంపెనీ ఇది. ఈ మాట సగమే నిజం. 1989 నుంచి 1995 లోపు స్పెల్‌జామర్, రావెన్‌లాఫ్ట్, డార్క్ సన్, ప్లేన్‌స్కేప్, బర్త్‌రైట్ అంటూ ప్రపంచం తర్వాత ప్రపంచం తెచ్చారు. డార్క్ సన్ ఆడేవాళ్లు రావెన్‌లాఫ్ట్ పుస్తకం కొనరు. ఉన్న పాఠకులే ముక్కలుగా విడిపోయారు. దానికి తోడు, అమ్ముడుపోని సరుకు పుస్తకాల షాపుల నుంచి పెద్ద ఎత్తున వెనక్కి వచ్చింది. 1997లో కంపెనీని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది.

అపోహ: నెలకో పుస్తకం అంటే దురాశే.

కథలైతే కాదు. 'పాత్‌ఫైండర్ అడ్వెంచర్ పాత్' అనే సాహస కథల వరుస 2007 ఆగస్టులో మొదలై ఏళ్ల తరబడి నెలకో భాగం చొప్పున వచ్చింది. మొదట్లో ఆరు భాగాలు కలిస్తే ఒక పూర్తి కథ అయ్యేది. దాన్ని చదవాల్సింది గేమ్ మాస్టర్ ఒక్కరే. నచ్చకపోతే పక్కన పెట్టేయొచ్చు, ఎవరి క్యారెక్టర్ షీటూ (పాత్ర శక్తులు రాసుకునే కాగితం) మారదు.

చిక్కు ఎక్కడంటే, ఒక టేబుల్ దగ్గర అయిదారుగురు ఉంటే కథ పుస్తకం కొనేది ఒక్కరే. కొత్త శక్తుల పుస్తకమైతే అందరూ కొంటారు. అందుకే డబ్బు అవసరమైన ప్రతిసారీ ప్రచురణకర్త చేయి అటే పోతుంది. చిన్న సంస్థల్లో ఆ పుస్తకం అమ్మితేనే బొమ్మలు వేసినవాళ్లకి, రాసినవాళ్లకి డబ్బు అందుతుంది కాబట్టి వాళ్లని నేను తప్పుపట్టలేను. అయినా అడిగిన ప్రతిసారీ ఒకటే చెప్తాను: కథలు ఏడాదికి రెండు మూడు వేసినా పర్లేదు, పాత్రల రూల్స్ పుస్తకం మాత్రం రెండు మూడేళ్లకు ఒకటి చాలు. వారానికి మూడు గంటలు కూర్చునే మా టేబుల్‌కి, పండగలూ పరీక్షలూ పెళ్లిళ్లూ పోగా, ఒక పెద్ద సాహసం పూర్తవడానికి ఏడాది పైనే పడుతోంది. కొత్త శక్తిని ఒక పాత్ర మొదటి నుంచి చివరిదాకా వాడి చూసేలోపే దాన్ని మించినది ఇంకొకటి వస్తే, మొదటిది ఎవరికీ పూర్తిగా అనుభవంలోకి రాదు.

అపోహ: గేమ్‌లో చేరాలంటే వచ్చినవన్నీ కొనాలి.

అక్కర్లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌కి విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ నడిపిన అడ్వెంచరర్స్ లీగ్ ఆటల్లోనే చాలాకాలం ఒక నియమం ఉండేది: ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, దానికి తోడు ఇంకొక్క పుస్తకం. పాత్రని తయారు చేసుకోవడానికి అంతకు మించి వాడకూడదు. మా టేబుల్‌లో ఇప్పటికీ అదే పద్ధతి. కొత్తగా వచ్చినవాళ్లకి మూల పుస్తకం నేనే ఇస్తాను. ఆ రెండో పుస్తకం ఏదో మూడు నెలలు ఆడాక వాళ్లే తేల్చుకుంటారు. కొంతమంది ఇప్పటికీ ఒక్క పుస్తకంతోనే ఆడుతున్నారు.