నాందేడ్ వెళ్లబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

సెలవుల్లో నాందేడ్ వెళ్తున్నారుగా. మన బాసరకు వచ్చే గోదావరి ఆ ఊరి మీదుగానే వస్తుంది. సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ 1708లో అక్కడే కన్నుమూశారు. ఇకమీదట మనిషి గురువు ఉండరనీ, గ్రంథమే గురువనీ చెప్పి వెళ్లారు. అందుకని గురుద్వారాలో విగ్రహం కోసం వెతక్కండి. చాందినీ కింద పట్టుగుడ్డల మీద ఉంచి వింజామర వీచేది 1430 పుటల గురు గ్రంథ్ సాహిబ్‌కే. అది మొదలయ్యేదే 1 అనే అంకెతో: ‘ఇక్ ఓంకార్’, దేవుడు ఒక్కడే.

తలకు రుమాలో చున్నీయో కట్టుకోండి. చెప్పులు బయట వదిలి, కాళ్లు కడుక్కుని వెళ్లండి. గ్రంథం వైపు కాళ్లు చాపి కూర్చోకూడదు.

అక్కడ ఇచ్చే కడా ప్రసాదం గురించి కాస్త వివరంగా చెబుతాను. గోధుమపిండి, నెయ్యి, చక్కెర ఒక్కో గ్లాసు చొప్పున, సమానంగా. నీళ్లు మూడు గ్లాసులు. చక్కెర నీళ్లలో కరిగించి వేడిగా ఉంచుకుంటారు. పిండిని నేతిలో సన్నసెగ మీద వేయించాలి. ఎర్రబడి కమ్మటి వాసన వచ్చి, నెయ్యి పైకి తేలేదాకా గరిట ఆపకూడదు. తొందరపడితే పచ్చివాసన పోదు. చల్లటి పాకం పోస్తే ఉండలు కడుతుంది. పోసేటప్పుడు చిట్లుతుంది, దూరంగా నిలబడాలి. అర్దాస్ ప్రార్థన అయ్యాక దాన్ని కృపాణంతో తాకి, ముందు అయిదుగురి భాగం తీస్తారు.

ఆ అయిదుగురు పంజ్ ప్యారే. 1699 వైశాఖి పండుగనాడు ఆనంద్‌పూర్‌లో గురువు తలలు ఇచ్చేదెవరని అడిగితే లేచినవాళ్లు. వారిలో పూరీ నుంచి వచ్చిన హిమ్మత్, ద్వారక నుంచి వచ్చిన మొహ్‌కమ్, మన పక్కనున్న బీదర్ మంగలి సాహిబ్ చంద్ ఉన్నారు. ఇనుప గిన్నెలో నీళ్లు పోసి, బతాసాలు వేసి, రెండువైపులా పదునున్న ఖండాతో కలిపిన అమృతాన్ని గురువు వాళ్లకిచ్చారు. తర్వాత తానే చేతులు జోడించి వాళ్ల దగ్గర పుచ్చుకున్నారు. నాకు సిక్కు మతమంతా ఆ ఒక్క ఘట్టంలోనే కనిపిస్తుంది.

అమృతం తీసుకున్నవాళ్లు అయిదు గుర్తులు ధరిస్తారు: కత్తిరించని జుట్టు, కొయ్య దువ్వెన, ఉక్కు కడియం, కచ్ఛా అనే పొట్టి లాగు, కృపాణం. కడియం నగ కాదు, చెయ్యి తప్పు చేయబోతే గుర్తుచేసేది. కృపాణాన్ని చాకు అనకండి, ముట్టుకోనివ్వమని అడగకండి.

చివరికి లంగర్‌కు, అంటే అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోటికి వెళ్లండి. అక్కడ కలెక్టరయినా కూలీ అయినా ఒకే వరసలో నేలమీదే. రొట్టెను రెండు అరచేతులూ చాచి అందుకోండి, తినగలిగినంతే పెట్టించుకోండి. తిన్నాక కంచాలు కడిగే చోటికి వెళ్లి చొక్కా చేతులు పైకి మడుచుకోండి, వాళ్లే చోటిస్తారు.

మీ పెదనాన్న