పిడుగు పడ్డ మనిషిని ముట్టుకోకూడదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఎమర్జెన్సీ వార్డులో డాక్టర్‌ని. పిడుగు దెబ్బ తగిలినవాళ్లను తెచ్చినప్పుడు వెంట వచ్చినవాళ్లను మొదట అడిగేది ఒక్కటే: "పడిపోగానే ఎవరైనా ఛాతీ నొక్కారా?" తరచూ వచ్చే జవాబు: "ముట్టుకుంటే మాకూ షాక్ కొడుతుందేమోనని భయపడ్డాం సార్." అందుకే దీనితోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు ఉంటుంది.

వాస్తవం: ఉండదు. తెగిపడ్డ కరెంటు తీగను పట్టుకున్న మనిషి సంగతి వేరు, ఆ తీగలో కరెంటు ఇంకా వస్తూనే ఉంటుంది కాబట్టి ముట్టుకోకూడదు. పిడుగు రెప్పపాటులో వచ్చి పోతుంది. ఒంట్లో ఏమీ మిగలదు. వెంటనే ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి కూడా.

ఎందుకంత తొందరంటే, ఆ దెబ్బకు గుండె ఒక్కసారిగా ఆగిపోవచ్చు. చాలాసార్లు అది తనంతట తానే మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కానీ ఊపిరిని నడిపించే మెదడు భాగం అంత త్వరగా తేరుకోదు. గాలి అందక, మళ్లీ మొదలైన గుండె రెండోసారి ఆగుతుంది. ఆ మధ్యలో ఎవరో ఒకరు ఊపిరి అందిస్తే మనిషి దక్కవచ్చు. అంబులెన్సుకు ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతుకు నొక్కండి. 30 సార్లు నొక్కాక రెండుసార్లు నోటితో గాలి ఊదండి. ఊదడం చేతకాకపోతే నొక్కడమైనా ఆపకండి. ఉరుములు ఇంకా ఆగకపోతే, వీలైతే ముందు మనిషిని చాటుకు చేర్చండి.

ఒకేసారి నలుగురైదుగురు పడిపోతే మూలుగుతున్నవాళ్ల దగ్గరికి పరుగెత్తడం సహజం. పిడుగు విషయంలో మాత్రం చలనం లేకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి. మూలుగుతున్నారంటే ఊపిరి ఆడుతున్నట్టే, వాళ్లు కాసేపు ఆగగలరు. కొందరికి కాళ్లూ చేతులూ నీలం తిరిగి, చల్లబడి, చచ్చుబడిపోతాయి. మణికట్టు దగ్గర నాడి కూడా దొరకదు. అది చూసి ప్రాణం పోయిందని తేల్చేయకండి. ఆ చచ్చుదనం చాలామందిలో కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. పిడుగు దెబ్బ తిన్న పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు.

అపోహ: పిడుగు పడితే మనిషి మాడిపోతాడు.

మెరుపు దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది, అది నిజమే. కానీ అది ఉండేది క్షణంలో అతి చిన్న భాగం, పైగా కరెంటులో చాలావరకు ఒంటిమీదుగానే జారిపోతుంది. చెమటో వాన నీళ్లో ఉంటే అవి ఒక్కసారిగా ఆవిరై చెప్పులు, బట్టలు చీలిపోతాయి. నేను చూసిన ఒక కుర్రాడి భుజం నుంచి నడుము దాకా ఫెర్న్ ఆకు అచ్చు గుద్దినట్టు ఎర్రటి గీతలున్నాయి. ఇంట్లోవాళ్లు వాటిని చూసే ఏడుస్తున్నారు. మర్నాటికి ఆ గీతలు మాయమయ్యాయి. అసలు దెబ్బ తగిలింది చెవికి. కర్ణభేరి చిరిగి, పక్కనుంచి పిలిచినా పలకలేదు.

అపోహ: వాన మొదలయ్యాకే ప్రమాదం, అప్పటిదాకా చెట్టు కింద నిలబడితే చాలు.

ఉరుము వినపడిందంటే పిడుగు మీ దాకా రాగలదు. వాన పడేచోటికి 10 కిలోమీటర్ల అవతల, పొడి నేలమీద కూడా పడుతుంది. మెరుపు కనిపించాక ఉరుముకు పట్టే ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క వేసుకోవచ్చు, కానీ లెక్క కోసం ఆరుబయట నిలబడకండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి రాకండి. "వాన తగ్గిందిగా" అని బయల్దేరినవాళ్లూ మా దగ్గరికి వస్తారు.

ఇక చెట్టు సంగతి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న మనిషి మీదకు దూకుతుంది, వేళ్ల దగ్గర నేలలోకీ పాకుతుంది. నేరుగా నెత్తిన పడే పిడుగు కంటే ఇలా నేలలోంచి పాకే కరెంటే ఎక్కువమందిని కొడుతుంది. చెట్టు కింద పశువులు గుంపుగా చనిపోయేదీ ఇందువల్లే. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి కరెంటు ఒంట్లోంచి, గుండె మీదుగా పోతుంది. నేలమీద బోర్లా పడుకోకూడదనేదీ అందుకే. గోడలు, పైకప్పు, వైరింగు, పైపులు ఉన్న ఇల్లో, అద్దాలు మూసిన కారో చూసుకోండి. మూడువైపులా తెరిచి ఉన్న షెడ్డు చాలదు.

కారు కాపాడేది రబ్బరు టైర్ల వల్ల కాదు, చుట్టూ ఉన్న లోహపు తొడుగు వల్ల. బైకుకు ఆ తొడుగు లేదు. సెల్‌ఫోన్ పిడుగును పిలవదు, కాకపోతే చార్జింగులో పెట్టి మాట్లాడకండి. వైరున్న ఫోను, షవరు, కుళాయి నీళ్లు, కిటికీ ఊచలు కూడా ఆ కాసేపు వద్దు.

ఒకసారి పడ్డచోట మళ్లీ పడదన్న మాట మీద రెండు సంగతులు చెబితే చాలు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద ఏటా సుమారు 20 సార్లు పడుతుంది. అమెరికా ఫారెస్ట్ రేంజర్ రాయ్ సలివన్‌ను 1942 నుంచి 1977 దాకా ఏడుసార్లు కొట్టింది.

దెబ్బ తగిలాక లేచి నడుచుకుంటూ వెళ్లినవాళ్లు కూడా ఆ రోజే ఆస్పత్రికి రావాలి. ఈసీజీ తీయాలి, చెవులు, కళ్లు చూడాలి. కొందరికి నెలల తర్వాత కంట్లో శుక్లాలు వస్తాయి, నిద్ర, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. అప్పుడు డాక్టర్‌కి పిడుగు సంగతి చెప్పడం మరిచిపోకండి.